పంటికి అంటని రుచి

తీపి మానేయమని చెప్పే కథనం కాదిది. ఏది, ఎప్పుడు, ఎన్నిసార్లు అనే చిన్న లెక్క కుదిరితే పండగ అరిసెకీ పంటికీ తగవేమీ లేదు.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినవాళ్లు జీళ్లు కొనకుండా వెనక్కి రారు. బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి, చేంతాడులా లాగి లాగి, రంగు తేలాక నువ్వులు అద్ది కత్తిరించిన ముక్క నోట్లో పడిందంటే రెండు దవడలూ ఒకదాన్నొకటి వదలవు. రెండేళ్ల కిందట నేనూ ఓ పొట్లం కొన్నాను. కారు నరసరావుపేట చేరేలోపే మూడో జీడి నా కుడి దవడ పన్నులోంచి సిమెంటు ముక్కను పెరుక్కుని వచ్చింది. పిప్పి పన్నని పదేళ్ల కిందట నింపించుకున్నది. చేతిలోకి తీసి చూస్తే నువ్వు గింజల మధ్య నింపాదిగా కూర్చుని ఉంది.

మర్నాడు పళ్ల డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, నేరమంతా జీడి మీదికి తోశాను. ఆమె ఒప్పుకోలేదు.

"జీడి పాపం మూత మాత్రమే పీకిందండీ. దాని కింద పన్ను ఎప్పుడో పుచ్చింది. ఏడాదికోసారి తినే జీడికి అంత పని చేతకాదు. మామూలు రోజున పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ నోట్లో ఏమేం పడుతుందో చెప్పండి" అంటూ చీటీ వెనక్కి తిప్పి పెన్ను పట్టుకుంది.

చెప్పాను. లేవగానే పంచదార వేసిన కాఫీ. టిఫిను. పదింటికి ఆఫీసులో టీ, రెండు బిస్కెట్లు. పదకొండున్నరకు పక్క సీటాయన ఇచ్చే చాక్లెట్. భోజనం. ఆ వెంటనే పంచదార పూసిన సోంపు. మూడున్నరకు మళ్లీ టీ. ఐదున్నరకు మిక్చరు. ఇంటికొచ్చాక అమ్మాయి ప్లేట్లోంచి చిప్సు. రాత్రి భోజనం. పడుకోబోతూ రెండు ఖర్జూరాలు. ఆమె గీతలు లెక్కపెట్టి, "పదకొండు. సోంపును భోజనంలో కలిపేద్దాం లెండి, పది" అని నవ్వింది. "ఇందులో మీరు మిఠాయి అని చెప్పిందేమైనా ఉందా? అయినా మీ పళ్లు రోజుకు పదిసార్లు తడిసి ఆరుతున్నాయి."

తడిసేది నీళ్లతో కాదు, ఆమ్లంతో. ఆ రోజు విన్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపితే ఈ కథనం.

పాచి చేసే పని

తెలుగులో పాచి అనే మాట భలే పొదుపైనది. చెరువు మెట్ల మీద కాలు జారేలా చేసేదీ, పొద్దున్నే నాలుకతో తడిమితే పళ్ల మీద జిడ్డుగా తగిలేదీ ఒకటే మనకు. శాస్త్రం కూడా ఇప్పుడు అదే మాట అంటోంది. రెండూ సూక్ష్మజీవులు కలిసి కట్టుకున్న కాపురాలే. పంటి మీది పాచిలో వందల రకాలు ఉంటాయి. వాటిలో పళ్లకు బాగా చేటు చేసేదని పేరు మోసింది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో దానికి ఆ పేరు పెట్టారు.

అంతకు ముందు మరి పళ్లను పుచ్చబెట్టేది ఎవరు? పురుగు. మన ఊళ్లలో నిన్నమొన్నటి దాకా "పంటి పురుగు తీస్తాం" అని కేకేసుకుంటూ వీధుల్లో తిరిగేవాళ్లు ఉండేవారు. పొగ పట్టి, చెవి దగ్గరో దవడ దగ్గరో ఏదో చేసి, ఆకులో రాలిన తెల్లటి పురుగును చూపించి డబ్బులు పుచ్చుకునేవాళ్లు. దీనికి మనమొక్కళ్లమే సిగ్గుపడక్కర్లేదు. బాబిలోనియా మట్టి పలకల కాలం నుంచీ లోకమంతా ఆ పురుగును నమ్మింది. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ తన పుస్తకంలో పురుగు లేదని తేల్చి, పంచదార వైపు వేలు చూపించాడు. 1890లో విల్లోబీ మిల్లర్ అనే అమెరికన్, బెర్లిన్‌లో పనిచేస్తూ, అసలు సంగతి రాశాడు. నోట్లోని సూక్ష్మజీవులు మనం తిన్న పిండినీ పంచదారనూ పులియబెట్టి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుంది. ఇడ్లీ పిండి పులిసే సూత్రం మనకు కొత్తేం కాదు. గిన్నెలో జరిగితే ఇడ్లీ, పంటి మీద జరిగితే పిప్పి.

పంటి పై పొరను మన సైన్సు పుస్తకాలు పింగాణి అంటాయి. ఒంట్లో దానికంటే గట్టిది మరోటి లేదు. ఎముకను మించిన గట్టిదనం. దాదాపు 96 శాతం ఖనిజమే. కానీ రెండు లోపాలు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, పోయిన పింగాణి మళ్లీ పుట్టదు. దాన్ని అల్లిన కణాలు పన్ను మొలిచేటప్పుడే సెలవు తీసుకుంటాయి. రెండోది, ఆమ్లానికి ఆగలేదు. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్; పంటి మీద అది సుమారు 5.5 కంటే దిగితే కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది.

రాబర్ట్ స్టీఫన్ అనే పరిశోధకుడు 1940ల్లో దీన్ని గీత గీసి చూపించాడు. పంచదార నీళ్లు పుక్కిలించిన రెండు మూడు నిమిషాల్లోనే పాచి దగ్గర పీహెచ్ కిందికి పడిపోయింది. మళ్లీ మామూలు స్థాయికి రావడానికి అరగంట నుంచి గంట పట్టింది. చెంచాడైనా గ్లాసుడైనా ఆ గీత పడుతుంది. మా డాక్టరమ్మ లెక్క ఇక్కడిదే. పదిసార్లు, సారికి అరగంట చొప్పున, తక్కువలో తక్కువ ఐదు గంటలు నా పళ్లు ఆమ్లంలో నానుతున్నాయి.

మిగతా గంటల్లో వాటిని కాచేది ఎవరంటే, ఉమ్మి. రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. ఆమ్లాన్ని విరుస్తుంది, తనలో ఉన్న కాల్షియాన్నీ ఫాస్ఫేట్‌నూ కరిగిన చోట తిరిగి పూస్తుంది. ఈ మేస్త్రీ రాత్రిళ్లు మాత్రం పనిలోకి రాడు. నిద్రలో ఉమ్మి దాదాపు ఆగిపోతుంది. పగలు, అందులోనూ గట్టిగా నమిలినప్పుడు, బాగా ఊరుతుంది. నోరూరించే తిండి అని ఊరికే అంటుంటాం గానీ పంటికి మంచి చిరుతిండికి ఇంతకంటే సరైన లక్షణం లేదు. నోరు ఊరాలి, నమలాలి, నమిలాక నోరు ఖాళీ కావాలి.

స్వీడన్‌లో శనివారం

ఎంత తిన్నాం, ఎన్నిసార్లు తిన్నాం అన్నదాంట్లో ఏది ముఖ్యమో తేల్చిన ప్రయోగం ఒకటుంది. తలచుకుంటే మనసు చేదెక్కే ప్రయోగం. 1940ల రెండో సగంలో, స్వీడన్‌లోని లుండ్ పక్కన విపెహోల్మ్ ఆస్పత్రిలో, మానసిక ఎదుగుదల లేని రోగులకు రకరకాలుగా పంచదార తినిపించారు. కొందరికి భోజనంతో పాటు. కొందరికి భోజనానికీ భోజనానికీ నడుమ, పళ్లకు అంటుకునేలా ప్రత్యేకంగా తయారు చేయించిన టాఫీలు. కాదనే నోరు లేనివాళ్ల పళ్లను పుచ్చబెట్టి నేర్చుకున్న పాఠమది. ఇవాళ ఏ దేశంలోనూ అలాంటిదానికి అనుమతి రాదు, రాకూడదు కూడా. ఫలితం మాత్రం స్పష్టంగా వచ్చింది. భోజనంతో తిన్న పంచదార చేసిన నష్టం కొద్దిగా. మధ్యమధ్యలో అంటుకునే టాఫీలు తిన్నవాళ్ల పళ్లు మాత్రం దారుణంగా పుచ్చాయి.

ఆ తర్వాత స్వీడన్ తల్లిదండ్రులకు అధికారులు ఇచ్చిన సలహా భలే ఉంటుంది: మీ పిల్లలకు మిఠాయి పెట్టండి, కానీ వారానికి ఒక్కరోజే. అక్కడి ఇళ్లలో ఇప్పటికీ 'శనివారం మిఠాయి' అన్న అలవాటు ఉంది. శనివారం వస్తే పిల్లలు సంచీ పట్టుకుని దుకాణానికి వెళ్లి ఏరుకుంటారు.

చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడకు స్వీడన్ ఎక్కడుందో తెలియదు. కానీ సంక్రాంతికి చేసిన అరిసెల డబ్బా అటక మీద ఉండేది, నిచ్చెన ఆవిడ అధీనంలో ఉండేది. అన్నం తిన్నాక ఓ అరిసె చేతిలో పడేది. అంతే, డబ్బా మళ్లీ పైకి. ఆ రోజుల్లో అది పిసినారితనం అనుకున్నాను. పోపుల డబ్బా పక్కనే, చెయ్యి చాపితే అందేలా, మూతపెట్టని బిస్కెట్ల జాడీ ఉన్న ఇంటి కంటే అటక మీద అరిసెలున్న ఇంట్లోని పళ్లే పదిలం. ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా, బందరు లడ్డు దేన్నీ వదులుకోమని నేననను. విస్తట్లో పడనివ్వండి. జేబులో, బల్ల సొరుగులో ఉంటేనే ప్రమాదం.

అంటుకునేవాటి అసలు రంగు

పళ్లకు అంటుకునేవి అనగానే జీళ్లు, మామిడి తాండ్ర, రేగి వడియాలు గుర్తొస్తాయి. నిజమే, తాండ్ర పొర దవడ పంటి గాడిలో ఇరుక్కుంటే తీరిగ్గా కరుగుతుంది. కానీ 1991లో అమెరికాలో కొందరు పరిశోధకులు రకరకాల తినుబండారాలు పెట్టి, తర్వాత పళ్ల సందుల్లో ఎంత మిగిలిందో తీసి తూచారు. జనం దేన్ని బంక అనుకుంటున్నారో, నిజంగా ఏది మిగులుతోందో రెంటికీ పొంతనే కుదరలేదు. బాగా అంటుకుంటుందనుకున్న కారమెల్ త్వరగా కరిగిపోయింది. కరకరలాడి మాయమైపోయిందనుకున్న బిస్కెట్లూ చిప్సూ చాలాసేపు అతుక్కుని ఉన్నాయి.

నాలుకతో పరీక్షించి చూడండి. ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ తిన్న ఐదు నిమిషాలకు దవడ పళ్ల మీద ముద్ద తగులుతుంది. ఆ ముద్ద మైదా, పంచదార కలిసినది. ఉమ్మిలోని ఎంజైమ్ మైదాను కూడా చక్కెరగా విడగొడుతూ పోతుంది. అన్నం ముద్దను ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించడం చిన్నప్పుడు బళ్లో చేసి చూసిన ప్రయోగమే. అంచేత "మావాడు తీపి ముట్టడండీ, అన్నీ కారమే" అన్న మాటకు పంటి దగ్గర చెల్లుబాటు తక్కువ. ఆలూ చిప్సు, కుర్‌కురేలు, మైదా చెగోడీలు పుల్లగా, కారంగానే ఉంటాయి, పాచికి మాత్రం తియ్యటి విందే.

మరి జంతికలు, సకినాలు? అవీ పిండివంటలే, పొడి గాళ్లల్లో చేరుతుంది. కానీ పంచదార లేదు, బాగా నమలాలి, సకినంలో నువ్వులూ వామూ ఉంటాయి. సాయంత్రం టీ దగ్గర నాలుగు తిని నీళ్లు పుక్కిలించి లేస్తే నా దృష్టిలో వాటి మీద కేసు లేదు. టీవీ ముందు డబ్బా ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు తింటే ఉంది.

బెల్లానికి మినహాయింపు లేదు

ఇది రాస్తే ఇంట్లో నాకు మాట పడుతుంది, అయినా రాయాలి. పంచదార చెడ్డది, బెల్లం మంచిది అని ఇప్పుడో ప్రచారం. బెల్లంలో కాస్త ఇనుము ఉంటే ఉండొచ్చు. అందులో ముప్పాతిక వంతుకు అటూఇటూగా ఉండేది పంచదారలో ఉండే సుక్రోజే. పాచిలోని సూక్ష్మజీవి రంగు చూసి తినదు. తేనె, తాటి బెల్లం, ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ అన్నీ దానికి ఒక్కటే. ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ అయితే ఇంకో మెట్టు పైన. తీపి చిక్కబడి, పైగా బంకగా ఉంటాయి. రాత్రి పడుకోబోతూ నేను ఆరోగ్యమనుకుని తిన్న రెండు ఖర్జూరాలు, ఉమ్మి ఊరని వేళ, తెల్లవార్లూ పళ్ల సందున కాపురమున్నాయన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఓ కొలత చెప్పింది. రోజు మొత్తం శక్తిలో విడి చక్కెరల వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపే ఉంటే ఇంకా మేలు. 5 శాతమంటే పెద్దవాళ్లకు సుమారు 25 గ్రాములు, ఆరు టీ చెంచాలు. విడి చక్కెరల్లో తేనె, పళ్లరసం కూడా చేరతాయి. పండు మాత్రం చేరదు. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు వేసుకునేవాళ్లకు మధ్యాహ్నం మూడింటికే ఆ కోటా పూర్తయిపోతుంది. మూడువందల మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ సీసా అయితే ఒక్కటే 30 గ్రాములు దాటిస్తుంది.

పల్లీల పొట్లం నుంచి ముంజెల దాకా

ఇక తినేవాటి సంగతి. పళ్లు అనే మాటకు మనకు రెండర్థాలు ఉండటం ఈ కథనం రాసేవాడికి కష్టమే గానీ, చెట్టు పళ్లకీ నోటి పళ్లకీ స్నేహం బాగానే ఉంటుంది. వాటికి తర్వాత వస్తాను. ముందు పల్లీలు.

ఒకే గింజకు రెండు జాతకాలు ఎలా ఉంటాయో పల్లీని చూస్తే తెలుస్తుంది. వేయించిన పల్లీలు, లేదా ఉప్పేసి ఉడికించిన పచ్చి వేరుశెనగ కాయలు, పళ్లకు నిజంగా మేలైన చిరుతిండి. చక్కెర అతి తక్కువ, నూనె, మాంసకృత్తులు ఎక్కువ, నమిలిన కొద్దీ నోరూరుతుంది. తీపి తిన్నాక పల్లీలు తింటే పాచి దగ్గర పడిపోయిన పీహెచ్ మళ్లీ పైకి లేస్తుందని 1970ల్లోనే ప్రయోగాలు చెప్పాయి. అదే గింజను బెల్లం పాకంలో ముంచి పరిచి పలకలు కొడితే, కోస్తాలో వేరుశెనగ అచ్చు, తెలంగాణలో పల్లి పట్టి. రుచిలో తిరుగులేదు. గట్టిదనానికి గట్టిదనం, అంటుకోవడానికి అంటుకోవడం. పట్టి తినాలనిపిస్తే భోజనం చివర తినండి, చేతిలో పట్టుకుని ఊరంతా తిరగడానికి మాత్రం విడి పల్లీలే.

గుగ్గిళ్లది రెండో స్థానం, కొందరు మొదటిదే అంటారు. శనగలు, బొబ్బర్లు ఏవైనా నానబెట్టి ఉడికించి, తిరగమోత వేసి, పైన పచ్చి కొబ్బరి కోరు. దసరా తొమ్మిది రోజులూ గుళ్లల్లో పంచిపెట్టేది ఇదే. శ్రావణ శుక్రవారం పేరంటానికి వెళ్లినవాళ్లు వాయనంలో తెచ్చుకునే నానిన శనగలు మర్నాడు పోపులోకి వెళ్తాయి. ఇందులో పిండి ఉంది, కాదనను. కానీ మైదాలా ముద్దగా అతుక్కునే రకం కాదు. గింజలో నార, పప్పు కలిసి నెమ్మదిగా విడిపోయే పిండి. నమలకుండా మింగే వీలు లేదు. ప్యాకెట్లో దొరకదు కాబట్టి దారిలో తినడం ఉండదు, గిన్నెలో పెట్టుకుని ఒకేసారి తిని లేస్తాం. ఆ ఒక్క గుణానికే సగం మార్కులు ఇచ్చేయొచ్చు.

రాయలసీమ ఉగ్గాణిని ఇక్కడ తలచుకోవాలి. తడిపిన బొరుగులు, ఉల్లిపాయ, పుట్నాల పొడి, నిమ్మరసం. కడుపు నిండే టిఫిను. బొరుగులు పిండే, కాస్త పళ్లకు అంటుతాయి, అయితే ఒక్క విడతలో ప్లేటు ఖాళీ అయిపోతుంది కాబట్టి పర్లేదు. పక్కన బజ్జీ తినాలా వద్దా అన్నది గుండె డాక్టరును అడగండి.

జామకాయ గురించి మాట్లాడటం మొదలుపెడితే నేను ఆగను. దోరగా ఉన్నది కోసి ఉప్పూ కారం చల్లి ఇచ్చే బండి దగ్గర ఆగిన ప్రతిసారీ పన్నుకు మంచే జరుగుతుంది. కరకరా కొరకాలి, తీపి కొద్దిపాటిదే, నీరూ నారా ఎక్కువ, చిగుళ్లకు కావలసిన విటమిన్ సి నారింజ కంటే చాలా ఎక్కువ. గింజలు సందుల్లో ఇరుకుతాయి, అదొక్కటే తంటా. పుక్కిలిస్తే పోతాయి, పిన్నీసుతో పొడుచుకోకండి. కీరా, ముల్లంగి, క్యారెట్ కూడా ఈ కోవే. ఇవి పళ్లను తోమేస్తాయని కొందరంటారు. అంత సీన్ లేదు. పాచిని వదిలించేది బ్రష్షే. ఇవి నోరూరిస్తాయి, పాచికి మేత పెట్టవు, అది చాలు.

తాటిచెట్టు మనకు రెండు కాలాల్లో రెండు చిరుతిళ్లు ఇస్తుంది. ఎండాకాలం ముంజెలు: నీరు, పలుచని తీపి, అంటుకునే గుణం లేదు. చలికాలం తేగలు: తంపటి వేసో కుండలో కాల్చో తెచ్చినవాటిని పొట్టు తీసి, నిలువునా చీల్చి, మధ్యలోని 'చందమామ' మొలకను పక్కన పడేసి నమలడం మొదలుపెడితే దవడలకు గోదావరి జిల్లాల కసరత్తు. పీచు నమిలి నమిలి ఊసేసరికి నోరంతా తడి. మొక్కజొన్న పొత్తు కూడా దాదాపు అంతే, పళ్ల సందుల్లో పొట్టు దూరుతుందన్న మాటే గానీ.

చెరకు? ఇక్కడ నేను పల్లె పక్షపాతాన్ని కాస్త అదుపులో పెట్టుకోవాలి. చెరకు నమిలితే పళ్లు గట్టిపడతాయని పెద్దలంటారు. నమలడం మంచిదే, లోపలున్నది మాత్రం పంచదార మిల్లుకు వెళ్లే రసమే. సంక్రాంతికి ఒక గడ, తప్పులేదు. రోజూ బండి దగ్గర చెరకు రసం గ్లాసు, అదీ నెమ్మదిగా చప్పరిస్తూ, వద్దు.

డబ్బు పెట్టి కొనేవాటిలో చీజ్‌ను దంతవైద్యులు బాగా మెచ్చుకుంటారు. తిన్న వెంటనే పీహెచ్‌ను పైకి తెస్తుంది, కాల్షియాన్ని పంటి దగ్గరే వదులుతుంది. అయితే నిఘంటువు తెరిచి చీజ్ అంటే జున్ను అని చూసి, ఆ మాట పట్టుకుని బెల్లం వేసి వండిన మన జున్ను తినేస్తే డాక్టరు బాధ్యత లేదు. వేయించిన పనీర్ ముక్కలు, ఉడికిన గుడ్డు, పచ్చి కొబ్బరి ముక్క, గుప్పెడు బాదం పప్పు ఏదైనా సరే ఆ కుర్చీలో కూర్చుంటుంది. కొబ్బరి ముక్కతో బెల్లం గడ్డ కొరకడం అలవాటున్నవాళ్లు బెల్లాన్ని భోజనానికి మార్చుకోండి.

రెండు పులుపులు

పెరుగు పుల్లగా ఉంటుంది, నిమ్మరసమూ పుల్లగా ఉంటుంది. పంటికి రెండూ ఒకటి కావు. నిమ్మరసం పీహెచ్ 2కు కాస్త అటూఇటూ, కోలా పానీయాలది 2.5 దగ్గర. ఇవి పాచితో పని లేకుండా నేరుగా పింగాణిని కరిగిస్తాయి. పెరుగు పీహెచ్ 4కు కాస్త అటూఇటూ ఉన్నా కరిగించదు. దానిలో కాల్షియం, ఫాస్ఫేట్ ఇప్పటికే నిండుగా ఉండటంతో పంటినుంచి ఇంకా లాక్కోవలసిన పని ఉండదు. అన్నాన్ని పెరుగుతో ముగించే మన పద్ధతికి పంటి వైపు నుంచి ఇంత గట్టి సమర్థన దొరుకుతుందని నేను ఊహించలేదు. ఎండలో తిరిగొచ్చినప్పుడు నిమ్మ సోడాకు బదులు ఉప్పేసిన మజ్జిగ అన్నదానికీ ఇదే లెక్క.

చింతకాయ, పుల్ల మామిడి ముక్క, ఉసిరికాయ తిన్నాక పళ్లు జివ్వుమంటాయి, "పళ్లు పులిశాయి" అంటాం. ఆ కాసేపు పింగాణి పై పొర మెత్తబడి ఉంటుంది. చాలామంది శుభ్రత పేరుతో వెంటనే బ్రష్ పట్టుకుంటారు. మెత్తబడ్డదాన్ని తోమితే అరుగుతుంది. నీళ్లు పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోముకోవాలి. ఏం తిన్నా పుక్కిలించడం మన ఇళ్లలో ఒకప్పుడు చెప్పాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడు టిష్యూ కాగితంతో పెదాలు తుడుచుకుని లేచిపోతున్నాం.

పిల్లల డబ్బా, పెద్దల నోరు

బడి వదిలాక ట్యూషన్ మొదలయ్యే లోపు ఉన్న ముప్పావు గంటే పిల్లల పళ్లకు గండం. దారిలో కొట్టు, చేతిలో పది రూపాయలు, ప్యాకెట్. ఆ ప్యాకెట్ ట్యూషన్ బెంచీ కింద అరగంట నడుస్తుంది. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అనుకోవడం ఇంకో పొరపాటు. పాలపళ్ల పింగాణి పల్చన, పుచ్చడం మొదలైతే లోపలిదాకా త్వరగా చేరుతుంది. ఆరేళ్లకు వాటి వెనక నిశ్శబ్దంగా మొలిచే పెద్ద దవడ పన్ను పాలపన్ను కానే కాదు, జీవితాంతం ఉండాల్సింది. చాలా ఇళ్లలో దాన్నీ ఊడిపోయే పన్నే అనుకుని పట్టించుకోరు.

మరి డబ్బాలో ఏం పెట్టాలి? ఉడికించిన పల్లీలు, దోర జామ ముక్కలు, పూర్తిగా ఉడికిన గుడ్డు, శనగ గుగ్గిళ్లు. తెలంగాణ ఇళ్లలో అయితే సర్వపిండి ముక్క: బియ్యప్పిండే అయినా పల్లీలు, నువ్వులు, శనగపప్పు దండిగా పడతాయి, పంచదార పడదు. రాగుల్లో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల కాల్షియం పైమాటే, కానీ ఆ రాగి పిండిని బెల్లం లడ్డూ చేసి రోజుకు మూడుసార్లు పెడితే మొదటికే మోసం. రాగి దోసె నయం. పాలలో కలిపే పొడుల డబ్బా వెనక చిన్న అక్షరాల్లో చక్కెర ఎంతో చూడండి. ముఖ్యంగా ఆ పాల గ్లాసు రాత్రి బ్రష్ చేశాక ఇవ్వకండి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ల ముందు పళ్లు వరసగా గోధుమరంగుకు తిరిగి పుచ్చడం ఏ పిల్లల దంతవైద్యుణ్ని అడిగినా చెబుతారు.

ఓ మాట ప్రకాశం, నల్గొండ జిల్లాల తల్లిదండ్రులకు ప్రత్యేకం. పంటి మీద తెల్లటి చారలు, గోధుమ మచ్చలు కనిపిస్తే అది మిఠాయి పని కాకపోవచ్చు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైనా అలాగే వస్తాయి. ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించే. పేస్టులోని ఫ్లోరైడ్ పళ్లకు కావలసిందే, మింగకూడదంతే. మూడేళ్ల లోపువాళ్లకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో బ్రష్ పొడుగునా అలలా పరిచేది పేస్టు అమ్ముకోవడానికి.

పెద్దవాళ్ల సమస్య వేరు. వయసుతో పాటు వచ్చే కొన్ని మందులు నోరెండిపోయేలా చేస్తాయి. ఉమ్మి తగ్గితే ఇన్నాళ్లూ ఊరుకున్న పళ్లు ఏడాదిలో వేళ్ల దగ్గర పుచ్చిపోతాయి. నోరెండుతోందని బుగ్గన పిప్పరమెంటు పెట్టుకోవడం మా ఇంట్లో పెద్దాయనకు అలవాటు. నిప్పార్పడానికి కిరోసిన్ పోసినట్టు. చక్కెర లేని, జైలిటాల్ వేసిన చూయింగ్ గమ్ నమిలితే నోరూరుతుంది, పాచి దాన్ని తినలేదు. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం దానికి అందనీయకండి, జైలిటాల్ కుక్కలకు విషం. నమలలేనివాళ్లకు పెరుగు, మెత్తగా ఉడికిన గుడ్డు, ముంజె, పొడి చేసిన పల్లీలు. వక్కపొడి సంగతి వేరే చెప్పాలా? పళ్లను అరగదీస్తుంది, నోరు తెరుచుకోకుండా చేస్తుంది, క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ సంస్థలు ఏనాడో తేల్చాయి. దాన్ని చిరుతిండి జాబితాలో చేర్చను.

నా చీటీ మీది గీతలు ఇప్పుడు ఆరుకు దిగాయి. కాఫీ టిఫినుతో కలిసింది, పది గంటల టీలో పంచదార పోయింది, బిస్కెట్ల బదులు సొరుగులో పల్లీల సీసా వచ్చింది, చాక్లెట్ ఇచ్చే పక్క సీటాయన కొన్నాళ్లు అలిగి ఇప్పుడు పల్లీలకు చెయ్యి చాపుతున్నాడు. రాత్రి బ్రష్ చేశాక నీళ్లు తప్ప ఏమీ లేదు. కుడి దవడ పంటికి రూట్ కెనాల్ చేసి తొడుగు వేశారు. మొన్న శివరాత్రికి మళ్లీ జీళ్లు కొన్నాను. అన్నం తిన్న వెంటనే అక్కడే చెట్టు కింద కూర్చుని, ఎడమ దవడతో నాలుగు తిని, కుళాయి దగ్గర రెండుసార్లు పుక్కిలించి కారెక్కాను. మిగతా పొట్లం డ్రైవర్‌కు ఇచ్చేశాను.